గురుకులమాత: మదనపల్లెయందలి కజిన్స్ దొరసాని చరిత్రము



మన వార్షిక సంచికలలో ఇంతవరకు ప్రకటింపబడిన చరిత్రవ్యాసములను నేను మొదటినుండి చివరవరకు మరల చదివితిని. వంశమూలములు, గోత్రములు, శాసనములు, సత్రములు కట్టించిన వదాన్యులు, విద్యార్థి వసతిగృహములకు స్థలములిచ్చిన పుణ్యాత్ములు అందఱును అందున్నారు. అట్టివారిని స్మరించుట మనకు విధియే. కాని ఆ పుటలలో నొక స్త్రీ పేరు కానవచ్చినచో అది ఫలానావారి ధర్మపత్ని యనియో, ఫలానావారి మాతృమూర్తి యనియో మాత్రమే కానవచ్చుచున్నది. చదువు చెప్పిన స్త్రీ యొక్కతెయు నందు లేదు. ఈ లోపమును సంపాదకులకు విన్నవింపగా వారు చిఱునవ్వు నవ్వి, "అయినచో మీరే వ్రాయుడు" అని నాకు పని యప్పగించిరి.

నేను వ్రాయబూనిన స్త్రీ మన కులమున బుట్టినది కాదు. మన దేశమునను బుట్టినది కాదు. కులసంఘపు సంచికలో పరదేశపు స్త్రీ చరిత్ర యెందులకని కొందఱు పెద్దలు బొమలు ముడివైతురని యెఱుగుదును. వారికి నా మనవి యొక్కటే. కులమను మాటకు మన పూర్వులు జాతి యను నొక్క యర్థమునే చెప్పలేదు. కులమనగా ఇల్లు, కుటుంబము, ఒక్క పెద్ద నీడను బ్రతుకు సమూహము. గురుకులమనుటలో నున్నది ఆ కులమే. పదివేలమంది శిష్యులకు అన్నపానము లొసగి విద్య గఱపినవానిని కులపతి యనిరి. ఆ లెక్కను చూచినచో మదనపల్లె గురుకులమునకు ఒక యింటిపెద్ద యుండెను. ఆమెయే మార్గరెట్ కజిన్స్. మన మూరివారు ఆమెను కజిన్స్ దొరసాని యనిరి. తెల్లని మేనివారినెల్ల దొరలనుట అప్పటి వాడుక గదా! కాని ఈమె దొరల జాతి స్త్రీ కాదు. మనవలెనే ఇంగ్లీషువారి యేలుబడిలో నలిగిన ఐర్లండు దేశపు బిడ్డ. ఈ భేదము తెలిసిననే గాని ఆమె చరిత్ర బోధపడదు.

ఆమె కథకు బూర్వము మా యింటి కథ నొక్కటి చెప్పుటకు సెలవిండు. మా యవ్వ పుంగనూరున బుట్టి, కుప్పమున మెట్టి, కొడుకుల చదువులకై మదనపల్లెలో కాపురముండెను. ఆమె బడికి బోయినది కాదు. అన్న ఇసుకలో దిద్దుచుండగా ప్రక్కన గూర్చుండి అక్షరములు పట్టుకొనెను. కుప్పమున అత్తవారింట కోడలు చదువుట నలుగురికి దెలిసినచో నగుబాటని, దీపము మలిపినట్లు మలిపి, పొయ్యి వెలుతురున పెద్దబాలశిక్షను చదువుకొనెనట. మదనపల్లెకు వచ్చిన పిమ్మట ఆమెకు స్వాతంత్ర్యము వచ్చెను. వీధియరుగుమీద గూర్చుండి ఇరుగుపొరుగు ఆడుపిల్లలకు ఓనమాలు, ఎక్కములు, ఉత్తరము వ్రాయు విధము చెప్పుచుండెను. పుష్పవతియై బడి మానిన పిల్లలు మధ్యాహ్నమున పూలు కట్టుదుమను నెపమున వచ్చి చదువుకొని పోవుచుండిరి. ఆ వీధివారందఱు ఆమెను అరుగవ్వ యనిరి. ముప్పది యేండ్లు ఆమె అట్లు చెప్పెను. మా తాతగారు ఒకప్పుడొక వసతిగృహమునకు నూటపదియాఱు రూపాయలు చందా యిచ్చినందున ఆయన పేరు రాతిపలకపై చెక్కబడియున్నది. అవ్వ పేరు ఏ పలకపైనను లేదు. ఆ యరుగును కూడ రోడ్డు వెడల్పు చేసినప్పుడు పడగొట్టిరి.

ఈ మూడూళ్ళ యిరుగుపొరుగుతనమును గూర్చి రెండు మాటలు. 1911వ సంవత్సరము ఏప్రిలు 1వ తేదిని చిత్తూరు జిల్లా యేర్పడినప్పుడు మదనపల్లె కడపజిల్లానుండి వచ్చెను. పుంగనూరును, కంగుంది జమీనులోని కుప్పమును ఉత్తరార్కాడు నుండి వచ్చెను. పుంగనూరు జమీనుదారుల యూరు. పొట్టి యావులకు పేరుపడినది. కుప్పము తెలుగు, అఱవము, కన్నడము మూడును ఒక్క సంతలో వినబడు సరిహద్దుసీమ. మదనపల్లె బాహుదానది చెంత, కొండల నడుమ, చల్లని గాలి గల యెత్తయిన తావు. ఆ గాలి కొఱకే 1915లో ఆరోగ్యవరమున క్షయరోగుల చికిత్సాలయము తెఱవబడెను. ఆ సంవత్సరమే అనీబిసెంటమ్మ పూనికతో దివ్యజ్ఞానకళాశాలయు వెలసెను. ఆ యూరికి తల్లుల కీర్తి అంతకుముందును కలదు. చేరువలోని తరిగొండ వెంగమాంబ బాలవితంతువై, లోకుల మాటలు పడి, వేంకటాచలమాహాత్మ్యము రచించి 1817లో పరమపదించెను. జిడ్డు సంజీవమ్మ 1895లో మదనపల్లెలోనే తన యెనిమిదవ సంతానమును గని, ఎనిమిదవవాడు గనుక కృష్ణుని పేరు పెట్టెను. ఆ బిడ్డ జిడ్డు కృష్ణమూర్తి. 1905లో ఆ తల్లి గతించునప్పటికి అతనికి పదియేండ్లు. ప్రపంచమున కుపదేశించిన కొడుకు పేరందఱెఱుగుదురు. తల్లిపేరు ఎందఱెఱుగుదురో చదువరులే చెప్పుకొందురుగాక.

మార్గరెట్ ఎలిజబెత్ గిలెస్పీ 1878వ సంవత్సరము నవంబరు 7వ తేదిని ఐర్లండులో రాస్‌కామన్ మండలమునందలి బాయిల్ అను చిన్నయూర జనించెను. పదునేవురు బిడ్డలలో నామె జ్యేష్ఠురాలు. పదునేవురు! మన యిండ్లలో పెద్దకూతురి బ్రతుకెట్టిదో మన సోదరీమణులకు వేఱుగ జెప్పవలసిన పనిలేదు. తల్లి యొక తొట్టెలూచుచుండగా పెద్దకూతురు ఇంకొకదాని నూపవలెను. ఆమెకు స్వయముగ సంతానము కలుగలేదు. అయినను ఇంటిపెద్దతనము ఆమెకు బాల్యముననే అబ్బినదని నా యూహ. డబ్లిన్ నగరమున సంగీతము నభ్యసించి 1902లో సంగీతశాస్త్రమున పట్టభద్రురాలయ్యెను. మరుసటి యేట జేమ్స్ కజిన్స్ అను కవిని వివాహమాడెను. దంపతులిరువురును శాకాహారులు. మాంసము లేనిదే విందు గాని ఆ దేశమున, ఆ కాలమున, ఇది యొక చిన్న తపస్సే.

ఆ కాలమున అచటి స్త్రీలకు శాసనసభ కోటు లేదు. 1908లో ఆమె హన్నా షీహీ స్కెఫింగ్టన్ అను వనితతోను ఇతరులతోను గూడి ఐరిష్ స్త్రీల వోటుహక్కు సంఘమును స్థాపించెను. 1910లో లండనున రాళ్ళు రువ్విన నేరమునకు నెలదినములు హాలోవే చెఱసాలలో నుండెను. 1913లో డబ్లిన్ కోట అద్దములు పగులగొట్టి మఱియొక నెల శిక్షపడి, తల్లమూర్ చెఱసాలలో తమ్ము రాజకీయఖైదీలుగ జూడవలెనని నిరాహారవ్రతము పూనెను. అద్దములు పగులగొట్టుటను నేను మెచ్చుచున్నానని యెవరును తలపవలదు. కాని వినతిపత్రములు చెత్తబుట్టలలో బడుచున్న చోట అద్దముల చప్పుడు మాత్రము వినబడెనని చరిత్రకారుడు వ్రాయక తప్పదు.

1915వ సంవత్సరాంతమున దంపతులు భారతదేశమునకు వచ్చిరి. అనీబిసెంటమ్మ నడుపు న్యూ ఇండియా పత్రికలో జేమ్స్ పని చేసెను. 1916లో డబ్లిన్ నగరమున ఐరిష్ వీరులు తిరుగబడగా, వారిని పొగడుచు వ్రాసిన వ్రాతవలన ఆ పని పోయెను. మనకు మేలే జరిగెను. ఆయనను మదనపల్లె కళాశాలకు పంపిరి. పిమ్మట ఆయనే దానికి ప్రధానాధ్యక్షుడయ్యెను. రైలుస్టేషను ఊరికి కొన్ని మైళ్ళ దూరమున నుండు ఆ చిన్నపట్టణమున, పియానో వాయించు చేయి గల ఆ సంగీతవిదుషి, కళాశాలలో పిల్లలకు ఇంగ్లీషు చెప్పుటకు గూర్చుండెను.

ఆమె కంటికి మొదట గనబడినది బాలురతో నిండిన తరగతి. అందు బాలికలు లేరు. వారి అక్కచెల్లెండ్రెచట? ఉపాధ్యాయుల భార్యలెచట? 1911వ సంవత్సరపు జనాభాలెక్కలలో మన దేశమునందలి స్త్రీలలో చదువనేర్చినవారు వేయింటికి సుమారు పదిమంది. అనగా నూఱిండ్లు వెదకినను, తనకు వచ్చిన యుత్తరమును తాను చదువుకొనగల యిల్లాలు ఒకతె దొరకుట గగనము. కజిన్స్ దొరసాని ఉపాధ్యాయుల యిండ్ల స్త్రీలను జేరదీసి యొక చిన్న సమాజము నడపెను. దాని పేరు అబలాభివర్ధనీ సమాజము. డబ్లిన్ కోట అద్దములు పగులగొట్టినయామె నడపిన సమాజమునకు అబలల పేరు! చదువరులు నవ్వుకొందురుగాక. కాని ఆ పేరు గుమ్మము దాటించెను. పేరు మెత్తనిదైనందున ఇంటి మగవారు అడ్డుచెప్పలేదేమో యని నాకు తోచుచున్నది. మా యవ్వకు పూలు కట్టు నెపమెట్టిదో ఈ సమాజమున కీ పేరట్టిది.

ఆ చిన్నవిత్తనమునుండి మొలచిన చెట్టును దేశమంతయు జూచెను. డొరోతీ జినరాజదాసమ్మ మొదలగువారితో గలసి మార్గరెట్ 1917వ సంవత్సరము మే 8వ తేదిని అడయారున భారతస్త్రీసంఘమును నెలకొల్పెను. బిసెంటమ్మ అధ్యక్షురాలు. స్త్రీధర్మమను పత్రిక దాని నోరు. ఆ యేడు డిసెంబరులో జరిగిన యొక సంగతిని కొంచెము విపులముగ జెప్పవలెను. ఏలయన దానిలో చదువునకును అధికారమునకును గల సంబంధము అద్దమునందువలె కనబడుచున్నది.

ఇంగ్లండునుండి భారతమంత్రి మాంటేగు దొర రాజ్యాంగసంస్కరణములను విచారించుటకు మన దేశమునకు వచ్చెను. మార్గరెట్ స్త్రీల పక్షమున దర్శనము గోరుచు అర్జీ పెట్టెను. ఏమని? ఆడుపిల్లలకు విద్య గావలెనని. దానికి వచ్చిన జవాబు, మంత్రిగారు రాజకీయవిషయములను గూర్చి వచ్చువారిని మాత్రమే చూతురని. మఱియొకరైనచో కాగితము మడిచి పెట్టెలో బెట్టియుందురు. ఆమె ఐర్లండు చెఱసాలలు చూచినది. మంచిది, రాజకీయమే యడుగుదమని, పురుషులతో సమానముగ స్త్రీలకును వోటు గావలెనని కోరికను మార్చి వ్రాసెను. 1917 డిసెంబరు 18వ తేదిని సరోజినీనాయుడుగారు ముందు నడువగా స్త్రీల రాయబారము చెన్నపట్టణమున మాంటేగు, చెమ్సుఫర్డు ప్రభువులను సందర్శించెను. చదువడుగబోయిన స్త్రీలు తలుపు మూయబడగా వోటడిగి లోపలికి బోయిరి. వినతిలో చదువునుగూడ చేర్చుట మఱవలేదు.

ఆ కోరిక వెంటనే ఫలించినది కాదు. సౌత్‌బరో దొరగారి కమిటీ కాదనెను. 1919వ సంవత్సరపు చట్టము ఆ బరువును రాష్ట్రశాసనసభల మీదికి ద్రోసెను. 1921లో చెన్నరాష్ట్ర శాసనసభయే యన్నిటికన్న మొదట స్త్రీలకు వోటొసగెను. ఇచట నిజము చెప్పవలెను. ఆ వోటు ఆస్తి గలవారి వోటు. పన్ను గట్టు ఇల్లో, భూమియో పేరుననున్న స్త్రీలెందఱు? కూలిపనికి బోవు తల్లికి అది రాలేదు. ఆ సంఘమున మొదట చేరినవారును చాలవఱకు చదువుకొన్నవారి యిండ్ల స్త్రీలే. ఈ కొఱతను మఱుగుపఱచి పొగడుట నాకిష్టము లేదు. స్వతంత్రభారత రాజ్యాంగము 1950లో అమలునకు వచ్చిననే గాని వయసువచ్చిన ప్రతి స్త్రీకిని వోటు దక్కలేదు. కాని మొదటి తలుపు తీసినవారిని, అది యిఱుకుగ దీసిరని మఱచుట న్యాయము గాదు.

ఇక మదనపల్లె చరిత్రలో అందఱును గర్వముతో జెప్పుకొను ఘట్టము. 1919వ సంవత్సరము ఫిబ్రవరి మాసమున రవీంద్రనాథ ఠాకూరుగారు దక్షిణదేశమున సంచరించుచు, కజిన్స్ దంపతుల యతిథిగ మదనపల్లెకు వచ్చి కొన్నినాళ్ళు విశ్రమించిరి. బిసెంటమ్మ స్థాపించిన జాతీయవిశ్వవిద్యాలయమునకు ఆయనయే కులపతి. కళాశాలలో వారమున కొకనాటి సాయంకాలము విద్యార్థులందఱు గూడి పాటలు పాడుకొను పరిపాటి యుండెను. కవిగారు ఆ కూటమికి వచ్చి, తన వంగపుపాట నొకదాని బాడిరి. అది జనగణమన. 1911 డిసెంబరు 27వ తేదిని కలకత్తా కాంగ్రెసు సభలో అది మొదట పాడబడినది గాని, మన ప్రాంతమువారి చెవులకు క్రొత్త. దేశమునందలి సీమల పేర్లు, నదుల పేర్లు ఒకటి వెంబడి యొకటి రాగా, భాష తెలియని పిల్లలకు సయితము పాట తెలిసిపోయెను. జయజయధ్వానము వచ్చుచోట గదియంతయు గొంతు గలిపెను.

మఱునాడు మొదలు మార్గరెట్‌గారి పని ప్రారంభమయ్యెను. ఆమె కవిచెంత గూర్చుండి పాటయొక్క స్వరములను పాశ్చాత్యపద్ధతిని లిపిబద్ధము చేసెను. ఫిబ్రవరి 28వ తేదిని కవిగారు ఆ పాటను స్వహస్తముతో ఇంగ్లీషున ననువదించి యిచ్చిరి. కళాశాలవారు దానిని నిత్యప్రార్థనగీతముగ స్వీకరించిరి. జాతీయగీతమునకు బాణీ కట్టినది మదనపల్లె దొరసానియే యని మన మూరివారు చెప్పుచుందురు. ఊరిమీది యభిమానము మంచిదే గాని, ఇది యించుక మించిన మాట. పాటయు, రాగమును కవివే. ఏడేండ్లకు ముందే కలకత్తాలో సభలో పాడిన పాటకు రాగము లేకుండునా? ఆమె చేసినది వేఱు. గాలిలో బోవు రాగమును పట్టి, కాగితముపై నిలిపి, కవి గొంతు లేనిచోటను అదే పాట అదే తీరున బాడబడునట్లు చేసెను. ఇది ఉపాధ్యాయుల పని. కవి యొకసారి పాడును. ఉపాధ్యాయురాలు అది పదిమందికి, పిమ్మట నూఱుమందికి వచ్చువఱకు విడువదు. 1937లో దేశమునకు ఏ గీతము తగునను చర్చ రేగినప్పుడు జేమ్స్ కజిన్సుగారు ఈ పాట పక్షమున బహిరంగముగ వ్రాసిరి. 1950 జనవరి 24వ తేదిని రాజ్యాంగసభ దానిని జాతీయగీతముగ నంగీకరించెను. అప్పటికి మార్గరెట్‌గారు జీవించియుండిరి.

మదనపల్లెనుండి ఆమె మంగళూరునకు బోయి, 1919, 20 సంవత్సరములలో అచటి జాతీయబాలికాపాఠశాలకు మొదటి ప్రధానోపాధ్యాయినిగ నుండెను. 1922లో చెన్నపట్టణమున గౌరవమేజిస్ట్రేటుగ నియమింపబడెను. ఈ దేశమున నా యాసనమున గూర్చుండిన మొదటి స్త్రీ యామెయే. ఇంగ్లండులోను ఐర్లండులోను న్యాయాధికారుల యెదుట నేరస్థురాలుగ నిలిచినయామెకు న్యాయాధికారపీఠము! విధి కిట్టి పరిహాసము లప్పుడప్పుడు ముచ్చట గావలసియుండును. 1926లో కమలాదేవీ చట్టోపాధ్యాయగారు మంగళూరునుండి శాసనసభకు పోటీచేయుటకు ఆమె ప్రోత్సాహమే కారణము. స్వల్పసంఖ్యతో నోడిరి. మరుసటి యేట డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డిగారు చెన్నశాసనసభలో ఉపాధ్యక్షపదవి నలంకరించిరి.

ఆమె చేసిన పనులన్నిటిలో నేను శిఖరముగ నెంచునది 1927లో పూనానగరమున జరిగినది. 1926లో వంగదేశపు విద్యాధికారి ఓటెన్ దొర కలకత్తా బెథూన్ కళాశాలలో మాటలాడుచు, మీకెట్టి చదువు గావలెనో స్త్రీలే యొక్క గొంతుతో జెప్పుడనెను. ఎందఱో దొరలు ఎన్నియో యుపన్యాసము లిచ్చిరి. అవి చప్పట్లతో ముగిసిపోయెను. స్త్రీధర్మపత్రికలో ఈ మాటను గూర్చి యొక వ్యాసము రాగా, మార్గరెట్‌గారు మాత్రము దానిని నిజముగ గైకొనిరి. దేశమునందలి నలుమూలల స్త్రీలకు విజ్ఞాపనపత్రములు వ్రాసి, మీ యూర సభ చేయుడు, మీ పిల్లల కేమి చదువు గావలెనో మీరే నిర్ణయింపుడు, ఆ నిర్ణయములతో ప్రతినిధులను పంపుడని కోరిరి. ఊరూర చిన్నసభలు జరిగెను. 1927 జనవరి మాసమున ఆ ప్రతినిధులందఱు పూనాలో గూడిరి. బరోడా మహారాణి చిమనాబాయిగా రధ్యక్షత వహించిరి. అదియే అఖిలభారత మహిళాసభ.

చదువును గూర్చి మాటలాడుటకు గూడిన ఆ తల్లులు మొదటి సభలోనే బాల్యవివాహమును గూర్చి మాటలాడవలసివచ్చెను. పండ్రెండవ యేట పెండ్లియై పోవు పిల్లకు ఏ పాఠశాల కట్టిననేమి? ఈ సత్యమును మా యరుగవ్వ పుస్తకముల వలన గాక తన యరుగుమీది పిల్లల వలన నెఱిగియుండెను. ఈ సంవత్సరము వచ్చిన పిల్ల మరుసటి యేడు రాదు. రెండేండ్లకు చంకలో బిడ్డతో వచ్చి, నేర్చినదంతయు మఱచితినవ్వా యని కన్నీరు పెట్టుకొనును. మహిళాసభవారి యాందోళనము తోడుపడగా 1929లో శారదా చట్టము పుట్టి, మరుసటి యేడు ఏప్రిలునుండి అమలునకు వచ్చెను. బాలికలకు పదునాలుగేండ్లు, బాలురకు పదునెనిమిదేండ్లు నిండవలెనని యది శాసించెను. ఆ సభవారి కృషివలననే 1932లో ఢిల్లీలో లేడీ ఇర్విన్ కళాశాల వెలసెను. కులసంఘముల వారమైన మనము ఏటేట స్త్రీవిద్యను గూర్చి తీర్మానములు చేయుచున్నాము. మీకేమి కావలెనని మన యాడుపడుచులను ఒక్కసారియైన అడిగితిమా? ఇది నన్ను నేనే వేసికొను ప్రశ్న. నేనును ఆ తీర్మానములకు చేయి యెత్తినవాడనే.

1932 డిసెంబరులో ప్రభుత్వమువారి నిర్బంధశాసనములకు వ్యతిరేకముగ బహిరంగసభలో నుపన్యసించినందున ఆమెకు ఒక సంవత్సరము శిక్ష విధింపబడెను. ఆమె నుంచినది మన చిత్తూరునకు దాపుననున్న వేలూరు చెఱసాలలో. హాలోవే, తల్లమూర్, వేలూరు: మూడు దేశములలో మూడు చెఱసాలలు చూచిన ఉపాధ్యాయురాలు మఱియొకతె మన జిల్లాలో కాపురముండలేదని నిస్సంశయముగ జెప్పగలను. విడుదలయైన పిదప దంపతులు మరల మదనపల్లెకే వచ్చిరి. 1933 మొదలు 1937 వఱకు జేమ్సుగారు రెండవమాఱు కళాశాలాధ్యక్షులు. ఆ కాలముననే ఆమె ప్రాక్పశ్చిమ సంగీతములను గూర్చి యొక గ్రంథము వ్రాసి 1935లో ప్రకటించెను. 1936లో అఖిలభారత మహిళాసభకు తానే అధ్యక్షురాలయ్యెను. ఆ పీఠమును భారతీయ స్త్రీలు అలంకరించుచుండగా చూచుటయే తనకు సంతోషమన్నట్లు, తాను స్థాపించిన సభకు తొమ్మిదేండ్ల వఱకు అధ్యక్షురాలు గాకుండుట గమనింపదగినది. మన సంఘములలో స్థాపకులెట్లు వర్తింతురో చెప్పి యెవరి మనసు నొప్పింపను.

వార్ధక్యమున పక్షవాతము ఆమెను మంచమున బడవైచెను. 1940 తరువాత కొన్నియేండ్లకు వచ్చిన యా జబ్బు మరణము వఱకు విడువలేదు. పియానో మీటిన చేతులు కదలలేదు. చేతిలో ధనము లేదు. చెన్నరాష్ట్రప్రభుత్వమును, స్వతంత్రము వచ్చిన పిమ్మట జవాహర్‌లాల్ నెహ్రూగారును ధనసాహాయ్యము చేసి ఆదరించిరి. 1950లో దంపతులిరువురి యాత్మకథ యేకగ్రంథముగ వెలువడెను. ఒక అధ్యాయము భర్త, ఒక అధ్యాయము భార్య చెప్పుకొనుచు బోయిన యట్టి పుస్తకము మన భాషలో నాకు కనబడలేదు. 1954 మార్చి 11వ తేదిని ఆమె స్వర్గస్థురాలయ్యెను. రెండేండ్లకు, 1956 ఫిబ్రవరి 20వ తేదిని, జేమ్సుగారు మదనపల్లెలోనే కన్ను మూసిరి.

మా యవ్వయు ఆ దశకముననే పోయినది. చివరి దినములలో చూపు మందగించినను, ఉత్తరము వచ్చినదనగా ముందు తన చేతికే యిమ్మనుచుండెను. తడిమి, మడతలు విప్పి, దగ్గఱగ బెట్టుకొని, అక్షరములు గానరానప్పుడు మాత్రమే మాకు అందిచ్చుచుండెను. ఆమెయు కజిన్స్ దొరసానియు ఒకరినొకరు ఎఱుగరు. ఒకతె యైరోపాఖండపు సంగీతమున పట్టభద్రురాలు, ఒకతె ఇసుకలో నక్షరములు దిద్దినది. ఒకే యూర, ఒకే కాలమున, పిలువనిదే పిల్లలు చేరు ఇండ్లు రెండుండెను.

కావున సంపాదకవర్గమువారి యనుజ్ఞతో చదువరుల కొక విన్నపము. మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతములలో మీ యింటనో, మీ వీధినో ఆడుపిల్లలకు అక్షరములు చెప్పిన తల్లి యెవరైన నుండినయెడల, ఆమె జీతము పుచ్చుకొన్న పంతులమ్మయైనను, అరుగుమీది అవ్వయైనను, మన కులమునదైనను గాకున్నను, ఆమె పేరును, ఊరును, చదువు చెప్పిన కాలమును, వీలైనచో ఆమెయొద్ద చదివిన యొకరిద్దఱి జ్ఞాపకములను వ్రాసి పంపుడు. ఫలానావారి భార్య యని వ్రాయక, ఆమె పేరు మొదట వ్రాయుడు. వచ్చు మహాసభకు మూడునెలలు ముందుగ సంఘకార్యాలయమునకు జేరినవానిని, చందాదారుల పట్టికకు ముందు పుటలలో అచ్చొత్తింతుమని సంపాదకులు నాకు మాట యిచ్చియున్నారు.